అత్త ఆత్మకూరు పోయి చెప్పిన మాట

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున ఉదయగిరి బస్సు కండక్టరు మా వాకిట్లో నిలబడి చెప్పినాడు. నేను ఆత్మకూరు నుంచి పోయేసరికి అంతా అయిపోయింది. అమ్మా నాయనా లేని నన్ను పెంచింది ఆమే. ఆమెను తలుచుకోవడానికి నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

ఉదయగిరిలో కొండ కింది వీధిలో అత్త బొరుగులు వేయించి అమ్మేది. కొలిచి పోసినాక పిలకాయలకు ఇంకో గుప్పెడు వేసేది. ఎంత గిరాకీ ఉన్నా, నేను బడి నుంచి రాగానే పొయ్యి దగ్గర నుంచి లేచి నా జడ విప్పి మళ్ళీ అల్లేది. "జడ సరిగ్గా ఉంటే సగం దిగులు పోతాదే" అనేది.

ఆమెకు ఒక్కడే కొడుకు, మా బావ. ఒక వ్యాపారి గోడౌనులో మూటలు మోసేవాడు. నడుం నొప్పికని ఆ వ్యాపారే అతనికి నల్లమందు అలవాటు చేసినాడు. కొన్నాళ్ళకు అది లేనిదే బావ లేచి నిలబడలేకపోయినాడు. ఊళ్ళో ఇంకా కొందరు అట్లాగే అయినారు. స్టేషను వాళ్ళకు ముట్టేది ముడుతోందని వీధికంతా తెలుసు.

తెల్లవాళ్ళు పోయిన కొత్త. ఇప్పుడు ఉండేది మన పోలీసులే గదా అని అత్త నమ్మింది. ఆత్మకూరులో పెద్ద పోలీసు అధికారి ఉన్నాడని విని, ఒక్కతే బస్సెక్కి పోయి, సరుకు ఎవరు తెస్తారో, ఎక్కడ దాస్తారో అంతా చెప్పి వచ్చింది.

"కుర్చీ వేసి కూచోబెట్టినాడే. అమ్మా అని పిలిచినాడు" అన్నది నాతో. అంత సంతోషంగా ఆమెను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

మర్నాడే పోలీసులు వచ్చినారు. గోడౌనుకు కాదు, మా ఇంటికి. బియ్యం కుండలో చెయ్యి పెట్టి, తాము తెచ్చిన పొట్లాన్నే అందులోంచి తీసినట్టు తీసినారు. బావ రెక్కలు విరిచి కట్టినారు. ఆత్మకూరు అధికారికి అంతా చెప్పినానని అత్త అరిచింది.

"ఆయనే పంపినాడు" అన్నాడు ఎస్సై.

సబ్‌జైల్లో నల్లమందు లేక, వాంతులతో విరేచనాలతో, కేసు విచారణకు రాకముందే బావ పోయినాడు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు ఆ వ్యాపారి పూలదండ పంపించినాడు. అత్త దాన్ని విసిరికొట్టలేదు. చేతిలో పట్టుకుని అట్లాగే కూచున్నది.

ఆ తర్వాత కూడా బొరుగులు వేయించింది. నాకు పెళ్ళి చేసి ఆత్మకూరుకు పంపింది. ఒక్కసారి మాత్రం, నా జడ అల్లుతూ, "వాణ్ణి నేనే పట్టిచ్చినా" అన్నది. కాదన్నాను. వినలేదు.

పోయిన ఎండాకాలం నేను అక్కడ ఉండగా దుత్తలూరు పక్క నుంచి ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కొడుకూ నల్లమందుకు అలవాటు పడినాడట. ఇస్తున్నది ఆ వ్యాపారి మనుషులే. ఆత్మకూరు పోయి చెప్తే ఏమన్నా జరుగుతుందా అని అడిగింది. అత్త పొయ్యిలో కట్టెను వెనక్కి లాగింది.

"పోబాక తల్లీ. ఎవురికీ చెప్పబాక" అన్నది.

ఆమె కొంగు తలమీద వేసుకుని వెళ్ళిపోయింది. అత్త గడప దాటి ఆమె వెనక కొంచెం దూరం పోయి ఆగింది. ఆమె మలుపు తిరిగి కనపడకుండా పోయినాక కూడా, నడిఎండలో, కాలుతున్న మట్టిలో చెప్పుల్లేకుండా నిలబడే ఉన్నది.