పాస్ మీద తోడు

నూకయ్య ముప్పై ఎనిమిదేళ్ళు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసి రిటైరైనవాడు. పుణ్యం కోసం తిరిగేవాళ్ళున్నారు, పొట్ట కోసం తిరిగేవాళ్ళున్నారు; పాస్ మురిగిపోతుందని దేశం తిరిగే జాతి మాత్రం రైల్వేవాళ్ళొక్కరే. ఆ ఏటి ఉచిత రైలు పాస్ డిసెంబరు దాటితే చెల్లదు. వాడకపోతే అన్నం పారబోసినట్టే. అలా కన్యాకుమారీ చూశాడు, జమ్మూ చూశాడు. పాస్ చెల్లని దేశం మాత్రం చూడలేదు.

"ఒరే నూకా, నీ పాస్ మిగిలుంది కదా," అన్నాడు గిరిబాబు, ఓ డిసెంబరు గురువారం టీ కొట్టు దగ్గర. "శని, ఆదివారం భూటాన్ ఎల్లొచ్చీద్దాం. హాసీమారా దాకా రైలే. ఫారిన్ రా!"

గిరిబాబుది వర్క్‌షాపులో పక్క బెంచీ. తన పాసులు ఎప్పుడో అయిపోయాయి. డెబ్బై దాటిన నూకయ్య పాస్ మీద తోడుగా ఒక మనిషి ఎక్కవచ్చు. భార్య పోలమ్మకి మోకాళ్ళ నొప్పులు. "ఈ సిరిగిన స్వెట్టరుతో ఫారినేటి?" అని నవ్వి, ఇద్దరికీ పులిహోర కట్టింది.

పడుచుతనంలో పాస్ మరిచిన గిరిబాబుని టీటీఈ బాలాసోర్‌లో దించేస్తే, జేబులో పాస్ ఉండీ నూకయ్య కూడా అతని వెంట దిగిపోయాడు. ఆ మాట దారిలో గిరిబాబే గుర్తుచేసి నవ్వాడు.

సరిహద్దంటే పుస్తకాల్లో ఫిరంగులు. భూటాన్ అంచున ఉన్న జైగావ్‌లో అదొక గోడ: ఇటు హారన్లు, అటు నిశ్శబ్దం. గేటు దగ్గర నూకయ్య తన రైల్వే కార్డు ఠీవిగా చాపాడు.

"దాదా, ఓటర్ కార్డ్? పాస్‌పోర్ట్?" అన్నాడు గార్డు మర్యాదగానే.

"రైల్వే భాయ్, సెంట్రల్ గవర్నమెంట్!"

గార్డు తల అడ్డంగా ఊపాడు. గిరిబాబు పర్సులోంచి ఓటరు కార్డు తీశాడు.

"ఇది తెమ్మని నీకెవలు సెప్పినారు?"

"మా అల్లుడు. నీకూ సెప్దామనుకొని మరిసిపోనాను."

నూకయ్య ఒక మాట కోసం చూశాడు. ఆ మాట రాలేదు.

"ఇద్దరం ఆగిపోతే ఏటి లాభం?" అన్నాడు గిరిబాబు. "గంటలో వచ్చెస్తాను. నీ వంతు కూడా నేనే సూసెస్తాను, సరా?"

గంట అయిదు గంటలైంది. నూకయ్య బెంచీ మీద పులిహోర పొట్లం విప్పకుండా కూర్చున్నాడు.

"నువ్వింకా తినలేదేటి? నేను మోమోలు తినీసినాను," అన్నాడు గిరిబాబు వచ్చి.

తిరుగు రైల్లో టీటీఈ పాస్ చూసి, "చాచా, యే కౌన్ హై?" అంటూ గిరిబాబుని చూపించి ఎవరని అడిగాడు. గిరిబాబు ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటున్నాడు. అన్నిట్లోనూ తనే. 'తెలీదు' అంటే చాలు, ఏదో ఒక స్టేషన్లో దించేస్తారు.

"సాథీ హై," తోడని చెప్పాడు నూకయ్య, గోడవైపు తిరిగి పడుకుంటూ.

తాముండే ట్రాఫిక్ కాలనీలో ఇప్పటికీ గిరిబాబు ఆ ప్రయాణం చెబుతాడు, 'మేమిద్దరం' అనే. నూకయ్య తల ఊపుతాడు.

మళ్ళీ డిసెంబరు ఆఖరు వారం వచ్చింది.

"పాస్ మురిగిపోతాది, గిరిబాబునైనా తీసుకెల్లు," అంది పోలమ్మ.

"మురగనీ," అన్నాడు నూకయ్య.