దొరల్ని పోలీసులకి పట్టించానండి

మొన్న శనివారం అన్నవరం అని బయల్దేరి రైల్వే పోలీసుల బెంచీ మీద తేలానండి. దర్శనం మాట అటుంచండి, పిల్లతో ఇంటికి రావడమే గొప్పయింది. నవ్వకండి, ముందు వినండి.

రాజమండ్రిలో నేనూ మా సత్యా పాసింజర్ ఎక్కాం. సత్యకి ఎనిమిదేళ్ళు. మా ఎదురుగా ఒక దొర, దొరసాని, మధ్యలో పదేళ్ళ పిల్ల. ఆ పిల్లేమో అచ్చం మన పిల్లే. చామనఛాయ, ఒత్తు జుట్టు, ఇంతింత కళ్ళు. నాకు అక్కడే తేడా కొట్టింది.

ఊరుకోవడం నాకు తెలీదు కదా. "ఎవరి తాలూకా అమ్మా?" అన్నాను. పలకదు. "ఏ ఊరు నాన్నా?" అన్నాను. దొరసాని మొహంలోకి చూస్తుంది. భయపెట్టి నోరు నొక్కేశారనుకున్నా. పులిహోర పెట్టబోతే దొరసాని "నో, నో, థాంక్యూ" అని అడ్డం పడి, తన బ్యాగులోంచి బిస్కెట్టు తీసిచ్చింది. పిల్ల తింది. పది నిమిషాల్లో ఆవిడ ఒళ్ళో తలపెట్టి నిద్రపోయింది.

ఇంకేం కావాలండి? రైళ్ళలో మత్తు బిస్కెట్ల గురించి పేపర్లో ఎన్నిసార్లు చదవలేదూ. పైగా ఆ దొర ఒక ఫైలు గుండెకి హత్తుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్న ఒక మాస్టారుగారికి చెప్తే, "మనకెందుకండి ఆ గొడవ" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాతి స్టేషన్ రాగానే కిటికీలోంచి కానిస్టేబుల్ని కేకేసి, పిల్లని ఎత్తుకుపోతున్నారని చెప్పేశా. వాళ్ళని దింపేశారు. సాక్షినని నన్నూ సత్యనీ కూడా దింపేశారు. రైలు వెళ్ళిపోయింది.

ఎస్సైగారు ఫైలు విప్పారు. పాస్‌పోర్టులు, కోర్టు ఆర్డరు, తుని దగ్గర అనాథాశ్రమం వాళ్ళ ఉత్తరం, ఆయా చేతుల్లో నెలల పిల్ల ఫొటో. డెన్మార్క్ వాళ్ళంటండి. ఆ పిల్లని ఏడాది వయసులో పెంచుకున్నారట. పుట్టిన దేశం చూపిద్దామని, ఆ ఆయాతో కలిపిద్దామని తీసుకొచ్చారట. ఈలోగా ఆ పిల్ల ఖాకీ బట్టలు చూసి దొరసానిని కరుచుకుపోయి ఒకటే ఏడుపు. సిగ్గుతో చచ్చిపోయాను.

సారీ చెప్పి లేవబోతే ఎస్సైగారు ఆగమన్నారు. "ఈ పాప మీ అమ్మాయేనా?"

"నా కూతురేనండి."

ఆయన సత్యనడిగారు. "ఈవిడ నీకేమవుతారమ్మా?"

"పెద్దమ్మ."

"మరి మీ అమ్మ?"

"అమ్మ తణుకులో ఉంది."

నిజమే కదండి. అది మా చెల్లి మూడో కూతురు. నాకు పిల్లల్లేరని తొమ్మిది నెలల పిల్లప్పుడు నా ఒళ్ళో పెట్టింది. తాంబూలం ఇచ్చి, బట్టలు పెట్టి తెచ్చుకున్నాం. అక్కాచెల్లెళ్ళ మధ్య కాగితాలేంటి? తన అక్కలు పిలిచినట్టే ఇదీ పెద్దమ్మా అంటుంది. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆవేళ మాత్రం గుండెల్లో కలుక్కుమంది.

"కాగితాలేవండి?" అన్నారు. నా సంచీలో పులిహోర డబ్బా, కొబ్బరికాయ తప్ప ఏమీ లేవు. చెల్లి పక్కింటికి ఎస్టీడీ చేయిస్తే ఎవరూ ఎత్తలేదు. దొరని నేనెలా చూశానో ఎస్సైగారు నన్ను అలాగే చూస్తున్నారు. సత్యని వేరే బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇది నా పిల్లేనని ఎవరితో చెప్పించను?

అప్పుడు దొరసాని లేచింది. ఎస్సైగారితో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. ఆయన నావైపు తిరిగారు.

"ఎవరో పిల్ల కోసం ఇంత గోల చేసిన మనిషి ఇంకొకరి పిల్లని ఎత్తుకొస్తుందా అంటున్నారండి. రైల్లో మీరు పాపకి తినిపించడం, జడ వేయడం చూశారట. తల్లేనని రాసిస్తామంటున్నారు."

రాసిచ్చారండి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సంతకాలు పెట్టి, తర్వాత బండికి తుని వెళ్ళారు. ఎస్సైగారు ఆ కాగితం చదివి, నా చేతికే ఇచ్చి మమ్మల్ని పంపేశారు. తెచ్చి బీరువాలో దాచా. సత్యకి నేను తల్లినని చెప్పే కాగితం ఈ లోకంలో అదొక్కటే. సాక్షి సంతకాలేమో నేను పట్టించిన దొంగలవి.