నలభై పోతుతాళ్లు

1941లో గద్వాల ఆబ్కారీ కచేరీలో, అంటే కల్లు, సారా వ్యవహారాలు చూసే ఆఫీసులో, నేను గుమాస్తాని. కల్లు దుకాణం పెట్టాలంటే ఏం కావాలని ఇప్పటికీ నన్ను కొందరు అడుగుతుంటారు. పాక, నాలుగు కుండలు ఉంటే చాలనుకుంటారు పాపం. ముందు లైసెన్స్ కావాలి. గుడికీ బడికీ దూరంగా స్థలం కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ చెట్ల కల్లు ఆ దుకాణంలో పోస్తారో ఆ చెట్ల నంబర్ల జాబితా. అందులో లేని చెట్టు గీస్తే నేరం. ఇంకో షరతు కూడా ఉండేది. దుకాణం వరసగా నెల రోజులు మూతపడితే లైసెన్స్ రద్దు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, మల్దకల్ దారిలోని ఒక చిన్న ఊరి నుంచి గౌండ్ల బుచ్చమ్మ దరఖాస్తు వచ్చింది. ఆమె భర్త నర్సయ్య తాటిచెట్టు మీంచి పడి, నడుం విరిగి మంచాన ఉన్నాడు. మరిది చెట్లెక్కుతాడు, ఆమె దుకాణం నడుపుతుంది. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. నాకు జాలేసింది. ఆ జాలితోనే ఆమె కొంప ముంచబోయాను.

ఊరికి పోయి, గొలుసు వేసి గుడి నుంచి దూరం కొలిచాను. సరిపోయింది. ఇక చెట్లు. వాగొడ్డున, పాకకు దగ్గరలో, ఒకే వరసలో నలభై తాటిచెట్లు కనిపించాయి. మరిదికి నడక తప్పుతుంది, నేను గీసే నక్షాలో, అంటే ఆ చోటు పటంలో, చూడముచ్చటగానూ ఉంటుందని వాటి నంబర్లే రాసేశాను. నా అంత శుభ్రంగా నక్షా గీసేవాడు కచేరీలో లేడని అప్పట్లో నాకు మహా గొప్ప. ఇన్స్పెక్టర్ సాబ్ ముద్ర కూడా పడింది.

కాగితం ఇవ్వడానికి మళ్లీ ఆ ఊరికి పోయాను. బుచ్చమ్మకు చదువు రాదు. ఏ చెట్లు రాశారని అడిగింది. చెప్పాను. ఆమె మొహం వాడిపోయింది.

“గవన్నీ పోతుతాళ్లే గద సారూ. ఎండలు ముదిరెదాంకనే పారుతయ్. ఆ పైన నేనేం పొయ్యాలె?”

“చెట్లల్ల ఆడ, మగ ఏంది బుచ్చమ్మా?” అన్నాను.

ఆమె నవ్వలేదు. నన్ను వాగొడ్డుకు తీసుకుపోయింది. నేను తలెత్తి మట్టల్లోకి చూస్తున్నాను.

“పైకేం జూస్తరు సారూ, కింద జూడుండ్రి. యాడన్న టెంక ఉన్నదా?”

నలభై చెట్ల కింద ఒక్క టెంక లేదు. అవతలి మిట్ట మీద చెదురుమదురుగా ఉన్న తాళ్ల కింద మాత్రం పండ్లు రాలి, టెంకలు కాలికి తగిలాయి.

“గివి పండ్లతాళ్లు. పోతుతాళ్లు ఒట్టిపొయ్యే యాళ్లకు గివి అందుకుంటయ్. చలికి ఈతచెట్లు. మూడు తీర్లయి ఉంటెనే ఏడాదంత దుకాణం నడుస్తది.”

నేను రాసిన జాబితాతో ఎండాకాలం దాటకుండానే ఆమె లైసెన్స్ పోయేది. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే ఇన్స్పెక్టర్ సాబ్ ముందు నిలబడ్డాను.

“ముద్ర పడ్డంక మార్చుడేంది మున్షీ? చెట్టంటే చెట్టే.”

“తప్పు నాది సాబ్. దుకాణం బందైతే ఆమె బతుకుడెట్ల?”

“అయితే తప్పు నీదని రాసియ్యి.”

రాసిచ్చాను. ఆ కాగితం నా సర్వీసు ఫైలులోనే ఉండిపోయింది. కొత్త జాబితాలో పోతుతాళ్లు తగ్గించి, మిట్ట మీది పండ్లతాళ్లు, పొలంగట్ల మీది ఈతలు చేర్చాను. నక్షా కోడి కెలికినట్టు తయారైంది.

మరుసటి చలికాలం బుచ్చమ్మ కచేరీకి వచ్చింది. దుకాణం ఒక్క రోజు కూడా మూతపడలేదట. నర్సయ్య మంచం పాకలోకే తెచ్చి వేసిందట, అతను ఇప్పుడు లేచి కూర్చుని కల్లు పోస్తున్నాడట. కొంగు విప్పి, కాల్చిన గేగుల కట్ట నా బల్ల మీద పెట్టింది. పాతిపెట్టిన తాటి టెంకల నుంచి వచ్చే మొలకలే గేగులు.

“మీరు కల్లు ముట్టరంట గద సారూ. గివి దినుండ్రి. టెంకల కోసమని మిట్ట మీది చెట్లకు ఒక్కో గెల గియ్యకుంట ఇడిసిన.”

ఇన్స్పెక్టర్ సాబ్ అటుగా వచ్చి ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు.

“మంచిగున్నయ్. ఏ చెట్టుయి?”

“పండ్లతాటియి సాబ్. పోతుతాటికి టెంక ఉండదు.”

ఆయన ఇంకోటి తుంచుకున్నాడు.

“జాబితాల ఇంకో గడి గియ్యి మున్షీ. ఏ తీరు చెట్టో రాసేటందుకు.”

అప్పటి నుంచి ఏ ఊరికి పోయినా ముందు చెట్టు కింద చూసి, గీసేవాళ్లను అడిగి, ఆ తర్వాతే కలం తీశాను. నా నక్షాలు మళ్లీ ఎప్పుడూ అంత అందంగా రాలేదు.