గేటు లేని కంపెనీ

విజయనగరంలో బిరియానీ తీసుకెళ్తూ బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, నేను పనిచేసే యాప్ కంపెనీ నుంచి వచ్చిన మొదటి ప్రశ్న బిరియానీ ఒలికిందా అని. ఒలికింది. నాలుగో రోజున, పనిలోకి రావడం లేదంటూ నా ఐడీ మూసేశారు. చాట్‌లో మొరపెట్టుకుంటే "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని జవాబు. గోడకు చెప్పుకున్నా నయం. కాలు ఎలాగూ అతుక్కుంటుంది, ఐడీ తెరుచుకోకపోతే నాకు పనే లేదు.

మంచం మీద పడుకుని, మాలాంటి యాప్ పనివాళ్ల కోసం చేసిన చట్టం చదివాను. అందులో కంపెనీవారి పేరు 'అగ్రిగేటర్'. అంటే కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ కలిపే మధ్యవర్తి అట. మా వైపు పెళ్లి మధ్యవర్తి విందూ తింటాడు, గొడవైతే తిట్లూ తింటాడు. ఈయనకు విందు ఒక్కటే. మా భద్రత నిధికి వాటా కట్టడం ఆయన బాధ్యత అని కూడా రాసుంది. ఏ తలుపు కొడితే ఆ బాధ్యత పలుకుతుందో మాత్రం నాకు కనబడలేదు.

మా మేనమామ నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసి రిటైరైనవాడు. ఆయనకు తెలిసిన చట్టం ఒకటే: ఒకడికి దెబ్బ తగిలితే షిఫ్టంతా వెళ్లి గేటు దగ్గర కూర్చోవాలి.

"ఒరే అల్లుడా, మీ కంపెనీ గేటు ఎక్కడున్నాది? సెప్పు, ఎల్దాం."

"గేటు నేదు మావా."

"గేటు నేకుండా కంపెనీ ఏటిరా!"

కట్టు కాలుతోనే ఆటో ఎక్కించి, నాకు టీషర్టూ సంచీ ఇచ్చిన ఆఫీసుకు తీసుకెళ్లాడు. అక్కడిప్పుడు బ్యూటీ పార్లర్ ఉంది. చంకలో చాపతో దిగిన మావను చూసి లోపలి ఆడవాళ్లు తలుపేసుకున్నారు.

మావ తగ్గలేదు. "ఏదోటి ఆర్డరెట్టు. తెచ్చినోడు కంపెనీ మనిసే కదా, ఆడ్ని కూర్సోబెడదాం."

ఇంటికి ఇడ్లీ తెప్పించాం. తెచ్చినాయన గడ్డం సగం నెరిసింది. మావ చాప పరిచి, నా కాలు చూపించి, ఐడీ తెరిచేదాకా కదలకుండా కూర్చుందాం రమ్మన్నాడు. ఆయన నా కట్టు వైపు ఒక్కసారి చూశాడు.

"టైమైపోతన్నాది బాబూ. నా ఐడీ కూడా పోతాది" అంటూ బండెక్కేశాడు.

"గేటు నేదంటే సర్లే అనుకున్నాను. పక్కనోడు కూడా నేడేటిరా?" అన్నాడు మావ.

నాకు సిగ్గేసింది. నేను పడడానికి రెండు వారాల ముందు, మా టీషర్టే వేసుకున్న మనిషొకడు రోడ్డు మీద తన బండి కింద పడి, చెయ్యెత్తి నన్ను పిలిచాడు. నా సంచిలో ఎవరివో దోసెలున్నాయి. నేను ఆగలేదు.