జగన్నాధం దూరదేశానికి పెట్టిన అర్జీ

శృంగవరపుకోట తాసీల్దారు కచేరీ ఎదుట రేకుల షెడ్డులో కూర్చుని జగన్నాధం ముప్పై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాడు. టైపుమిషను పోయి కంప్యూటరు వచ్చినా మనిషి మాత్రం మారలేదు. "తిట్లు నీ దగ్గరుంచుకో, తారీకు సెప్పు" అంటాడు వచ్చినవాళ్లతో. అర్జీలో ఏడుపు ఉండకూడదట, జరిగింది జరిగినట్టు వరసగా ఉండాలట.

రెండువేల పద్నాలుగు ఎండాకాలంలో ఆ కంప్యూటరే మొరాయించింది. అందులో ఉన్నది మేనల్లుడు వేసిచ్చిన ఉచిత సాఫ్ట్‌వేరు. 'ఫొటోలు' అన్న ఫోల్డరు నొక్కితే చాలు, ఫైళ్లు చూపించే కిటికీ మొత్తం చటుక్కున మాయం! మరోసారైతే పోనీలే అని టీ తాగడానికి లేచేవాడే. కానీ ఎదురుగా దేముడమ్మ కూర్చుని ఉంది. పింఛను కోసం ఆమె తెచ్చిన భర్త ఫొటోని స్కాన్ చేసి దాచింది అందులోనే. అసలు ఫొటోని ఇంటిదగ్గర చెదలు తినేశాయి. ఆదివారం ఆయన ఏడూడి, అంటే సంవత్సరీకం.

"అదీ పోతే ఆ మొకం నానింకెక్కడ సూసేది తమ్ముడూ?" అంది.

పక్కన స్టాంపులమ్మే గణపతిరావుకి వేళాకోళం ఎక్కువ. "ఒరే, ఊరికే వచ్చింది ఊరికే పోతాది. అంతా తుడిసీసి కొత్తది ఏయించు."

"తుడిస్తే ఫొటో కూడా పోతాది కదరా! ఊరుకో."

ఆ సాఫ్ట్‌వేరు తయారుచేసేవాళ్లకి ఫిర్యాదు పెట్టే చోటు నెట్‌లో దొరికింది. అక్కడ జనం రాసినవి చూసి జగన్నాధానికి ఒళ్లు మండింది. 'పని చెయ్యట్లేదు, చెత్త' అని రాస్తే ఎవడికి తెలుస్తుంది నీ బాధ! తన ఆఫీసు ఇంగ్లీషులో తను రాశాడు: పన్నెండో తారీకు, ఉదయం పదీ పదికి, మొదట ఏది నొక్కాడు, తర్వాత ఏది నొక్కాడు, ఏడుసార్లు తెరిస్తే ఏడుసార్లూ మూసుకుంది, మిగతా ఫోల్డర్లన్నీ బాగానే ఉన్నాయి. చివర 'తమ విధేయుడు' అని కూడా పెట్టాడు.

మర్నాటికల్లా ఏదో చలిదేశం నుంచి, ఆ సాఫ్ట్‌వేరు రాసేవాళ్లలో ఒకాయన జవాబు. ఇంత చక్కటి ఫిర్యాదు తానెన్నడూ చూడలేదట ఆయన! ఏదో ఒక ఫొటోకి చిన్న నమూనా బొమ్మ తయారుచేయబోయి ప్రోగ్రాం కూలిపోతున్నట్టుంది, ఫైళ్ల కిటికీతో పనిలేకుండా ఆదేశాలిచ్చే నల్లతెర తెరిచి ఈ మాటలు టైపు చేసి సగం ఫొటోలు వేరే చోటికి మార్చి చూడండి అన్నాడు. నూట ఇరవై ఎనిమిది ఫొటోలు. జగన్నాధం సాక్షుల్ని విడదీసినట్టు విడదీశాడు. సగం, అందులో సగం, మళ్లీ సగం. చివరికి దోషి ఒక్కటే మిగిలింది. దేముడమ్మ మొగుడు!

ఫొటో చెడిపోయిందా అని వెంటనే రాశాడు. లేదు, స్కానరు ఆ ఫొటో కొలత తప్పుగా రాసింది, దానికి కూలిపోవడం మా ప్రోగ్రాం తప్పు, బొమ్మలు చూసే ప్రోగ్రాంలో తెరవండి అని జవాబొచ్చింది. తెరిచాడు. మీసాలతో సహా నిండుగా కనిపించాడు మహానుభావుడు. దిద్దుబాటు సరిచూసుకోవడానికి ఆ ఫొటో పంపగలరా అని కూడా అడిగాడు ఆ చలిదేశపాయన. ఒకరి కాగితం అడక్కుండా ఇంకొకరికి ఇచ్చే రకం కాదు జగన్నాధం. దేముడమ్మకి కబురు పెట్టాడు.

"బావ మొకం సూడగానే కంప్యూటరు పడిపోతన్నాదప్పా. ఎందుకో సూసుకుంటారట, పంపమంటన్నారు. నువ్వేటంటావు?"

దేముడమ్మ తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే పకపకా నవ్వింది.

"బతికున్నప్పుడూ అంతే తమ్ముడూ! ఆడొచ్చి కూకున్నాడంటే ఇంట్లో ఒక్క పని సాగనిచ్చీవోడు కాడు. పంపు, పంపు. నన్ను ముప్పయ్యేళ్లు ఏపుకు తిన్నాడు, ఆళ్లని నాల్రోజులు తిననీ."