సరోజమ్మగారి బొటనవేలు, నా తెలుగు

2004లో నేను పుదుచ్చేరి టౌన్లో ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పన్నెండు పడకలు, ఒక సర్జన్, ఒక మైనర్ ఓటీ. మైనర్ ఓటీ అంటే పూర్తి మత్తు ఇవ్వనక్కర్లేని చిన్నచిన్న కోతలు చేసే గది. మాది యానాం. తమిళం రెండేళ్లలో బాగానే పట్టుబడింది గానీ తెలుగు పేషెంటు వచ్చారంటే నాకు ప్రాణం లేచొచ్చేది. మిగతా సిస్టర్లు కూడా "నీ వాళ్లొచ్చారు, చూసుకో" అని నాకే అప్పగించేవారు. నా తెలుగు చూసుకుని నేను కాస్త మురిసేదాన్ని కూడా. ఆ మురిపెమే ఒకావిడ కాలివేలి మీదికి తెచ్చింది.

ఆవిడ పేరు ఆర్. సరోజ. యాభై దాటిన మనిషి, ఊళ్లోనే నెల్లితోపు పేటలో ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేవారు. వాళ్ల పెద్దలు ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్లకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కుడికాలి బొటనవేలి గోరు పక్కకు తిరిగి కండలోకి దిగింది. దీన్ని మేం ఇన్‌గ్రోన్ టోనెయిల్ అంటాం. వేలికి మాత్రం తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి గోరు అంచు తీసేస్తే సరిపోతుంది. కాకపోతే ఆవిడకు పదేళ్లుగా షుగరు. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ మందగిస్తుంది, న్యూరోపతి అంటారు. లోపల చీము పట్టినా నొప్పి తెలియదు.

సోమవారం గోరు తీశారు. చేతులు కడుక్కుంటూ డాక్టరుగారు నాతో అన్నారు, "తీయడం పది నిమిషాలు, వేలు నిలబెట్టడం పదిహేను రోజులు. అది నీ పని."

బుధవారం డ్రెస్సింగ్ మార్చాను. పుండు శుభ్రంగా ఉంది. మళ్లీ వచ్చే బుధవారం రావాలి. ఇంటికి వెళ్లేవాళ్లకు ఇవ్వడానికి మా దగ్గర అచ్చువేసిన చీటీ ఉండేది. ఎర్రబడినా, వాపు పెరిగినా, తడి ఊరినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మని తమిళంలో ఉండేది. మన తెలుగావిడకు అరవం చీటీ ఎందుకని దాన్ని పక్కన పెట్టి, తెల్లకాగితం మీద అవన్నీ తెలుగులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాను. పక్కన కూర్చుని నోటితో కూడా చెప్పాను. పనిలో పనిగా పుట్టింటి కబుర్లు కూడా కలిపాను. చివర్లో, "ఈలోపు అవసరమైతే ఎప్పుడైనా రండి, మొహమాటపడకండి" అన్నాను.

"సరే పాపా. అవసరమైతే వస్తాను" అని తల ఊపారు. కాగితం కళ్లకద్దుకున్నంత పనిచేసి సంచిలో పెట్టుకున్నారు. ఆ రోజంతా నాకు భలే తృప్తిగా ఉంది.

షుగరు పేషెంట్లకు మధ్యలో ఒకసారి ఫోను చేసి కనుక్కోవడం మా డాక్టరుగారు పెట్టిన పద్ధతి. ఫాలోఅప్ కాల్ అంటాం. శనివారం మధ్యాహ్నం చేశాను.

"కాలు ఎలా ఉందండీ?"

"బాగుండాది పాపా. కొంచెం వీక్కం ఉండాది, అంతే. నొప్పేం లేదు."

వీక్కం అంటే వాపు. "ఓసారి వచ్చి చూపిస్తారా?" అన్నాను.

"అవసరం ఏం లే. రెండు పెండ్లి జాకెట్లు ఉండాయి, అవి ముగించి వస్తాను."

మొదటివారం కాస్త వాపు ఉండటం మామూలే. అవసరం లేదని ఆవిడే అంటుంటే నేనెందుకు కంగారుపడాలి? రిజిస్టరులో బాగున్నారని రాసేసి అన్నం తినడానికి వెళ్లాను.

రెండింటికి ఓపీ మొదలవుతుందని గబగబా తింటున్నాను. ఎదురుగా కూర్చున్న మలర్ సిస్టర్ నవ్వి, "అవసరం ఇల్లై, మెల్ల సాప్డు" అంది. తొందర లేదు, మెల్లగా తిను అని. తమిళంలో అవసరం అంటే తొందర. మా ఎమర్జెన్సీ గది తలుపు మీద రాసి ఉన్నదీ ఆ మాటే. రోజుకు ఇరవైసార్లు వింటాను, నేనూ అంటాను. కానీ సరోజమ్మగారు మాట్లాడింది తెలుగు కదా, ఆ తెలుగులో ఈ అరవం మాట ఉంటుందని నాకు తట్టనేలేదు. ఆవిడ రావక్కర్లేదని అనలేదు. తొందరేం లేదు, వస్తానన్నారు. మరి బుధవారం నేను "అవసరమైతే రండి" అన్నది ఆవిడకు ఎలా వినబడి ఉంటుంది? ప్రాణం మీదికొస్తేనే రమ్మన్నట్టు.

కంచం పక్కన పెట్టి మళ్లీ ఫోను చేస్తే ఎత్తలేదు, మిషను చప్పుడులో వినబడి ఉండదు. ఓపీ చూసుకోమని మలర్‌కు చెప్పి, డాక్టరుగారిని అడిగి ఆటో ఎక్కాను.

సరోజమ్మగారు మిషను ముందే ఉన్నారు. కట్టు మీద పాతగుడ్డ చుట్టుకుని అదే కాలితో తొక్కుతున్నారు. దగ్గరికి వెళ్లగానే వాసన తెలిసింది. విప్పి చూస్తే వేలు నిగనిగలాడుతూ ఉబ్బిపోయి ఉంది. ఎరుపు పాదం మీదికి పాకింది.

"ఇదెప్పటినుంచండీ?"

"నిన్నటినుంచి కారతా ఉండాది. నొప్పి లేదు కదా అని కుడతా ఉండాను."

"నేను రాసిచ్చిన కాగితంలో ఉంది కదా, తడి ఊరితే వెంటనే రమ్మని?"

ఆవిడ తల దించుకున్నారు. "నాకు తెలుగు చదివేదానికి రాదు పాపా. అరవం చదువుతాను. అంత అందంగా రాసిస్తే రాదని ఎట్ట చెప్పేది? దేవుడి పటం దగ్గర పెట్టుకోని ఉండాను."

"నోటితో కూడా చెప్పాను కదండీ?"

"అవసరమైతే రమ్మన్నావు. నడస్తా ఉండాను, కుడతా ఉండాను, ఇది అవసరమా?"

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆవిడకు అక్కరకొచ్చే చీటీ నా చేతిలోనే ఉంది. నా అక్షరాలు చూపించుకోవాలని దాన్ని పక్కన పెట్టింది నేనే. ఆవిణ్ని ఆటో ఎక్కించాను.

డాక్టరుగారు వేలు తెరిచి చీము తీశారు. సన్నని ప్రోబ్, అంటే కొన మొండిగా ఉన్న పుల్ల లాంటిది, లోపలికి పంపి చూశారు. ఎముకకు తగిలితే పరిస్థితి చేయి దాటినట్టే. తగల్లేదు. "మూడు రోజులు చూద్దాం. ఎరుపు తగ్గకపోతే వేలు తీయక తప్పదు" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

పడక ఇచ్చి ఇన్సులిన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. ఎరుపు ఎంతవరకు ఉందో పాదం మీద పెన్నుతో గీత గీశాను. గీత దాటితే రోగం గెలుస్తున్నట్టు. ఆదివారం ఉదయం ఒకచోట వెంట్రుకవాసి దాటింది. సోమవారం అక్కడే ఆగింది. వేలు పోతే మిషను తొక్కగలనా అని ఆవిడ నన్ను అడగలేదు. దుప్పటి కింద పాదం మాత్రం పైకీ కిందికీ ఆడించుకుంటూ ఉండేవారు, నేను చూడటం లేదనుకుని. మంగళవారం దుప్పటి తీసి చూస్తే గీతకీ ఎరుపుకీ మధ్య వేలెడు వెడల్పున మామూలు చర్మం కనిపించింది. ఇంకోసారి చూసుకుని, గబగబా వెళ్లి స్టోర్ రూములో నిలబడి ఏడ్చాను. ఆ రోజు తిన్న ఇడ్లీ రుచి నాకు మళ్లీ తెలిసింది.

ఇంటికి పంపేరోజు ఉండబట్టలేక చెప్పాను, "తప్పు నాదండీ. మీకు తెలిసేట్టు చెప్పలేదు."

ఆవిడ నవ్వారు. "నీ తప్పేంది పాపా? మా ఇంట్లో ఎవరికీ ఇంత మంచి తెలుగు రాదు. నువ్వు మాట్లాడతా ఉంటే వినేదానికి ఇంపుగా ఉండె. తల ఊపతా ఉంటిని. అర్థమైందా లేదా అని నాకే తోచలే."

ఏ తిట్టూ అంతలా తగల్లేదు నాకు. ఈసారి తమిళం చీటీ ఆవిడ చేతిలో పెట్టి, "ఏం కనబడితే వస్తారో మీరే చెప్పండి" అని ఊరుకున్నాను.

ఆవిడ చదువుకుని, చీటీ మడిచి, తడుముకుంటూ చెప్పారు. "ఎర్రగా అయితే వస్తాను. తడి తగిలితే వస్తాను." చీటీలో లేనిది కూడా ఒకటి కలిపారు. "నొప్పి లేకపోయినా వస్తాను."

దీన్ని టీచ్‌బ్యాక్ అంటారని, ఇదొక పద్ధతని తర్వాతెప్పుడో ట్రైనింగులో చెప్పారు. నాకు అప్పటికే తెలుసు. అర్థమైందా అని అడిగితే కాలేదనే పేషెంటును ఇన్నేళ్లలో నేను చూడలేదు, అందుకే ఆ ప్రశ్న మానేశాను. వాళ్లచేత చెప్పించుకుంటాను, నేను వింటాను. సరోజమ్మగారికి గోరు కాస్త వంకరగానే వచ్చింది. కాలికి అయిదు వేళ్లూ ఉన్నాయి.