రెండంగుళాలు తక్కువైన వాటా

ఇళ్లలో అదనపు వాటాలు కట్టిపెట్టే మేస్త్రీకి నిబంధనలన్నీ నోటికి వచ్చు: విడిగా గుమ్మం, మనిషి దూరి బయటపడేంత కిటికీ, ఏడడుగుల ఎత్తు. భర్త పోయాక కొడుకింట్లో, హాల్లో పడుకుంటున్న అక్క కోసం తన ఇంటి కింది గదిని వాటాగా మార్చాడు. చెమ్మకు ఆమె మోకాళ్లు పట్టేస్తాయని నేల మీద ఇంకో పొర కాంక్రీటు దట్టంగా పోశాడు. పరాయి ఇల్లయితే ముందు ఎత్తు కొలిచేవాడు.

తనిఖీ అధికారి టేపు పైకప్పుకు ఆనించాడు. "రెండంగుళాలు తక్కువ. సామాన్లు పెట్టుకోండి, మనుషులు ఉండకూడదు."

"నేను అయిదడుగులైనా లేను బాబూ, నా నెత్తికేం తగలదు," అంది అక్క.

"కొలత మీకు కాదమ్మా, గదికి."

ప్రేమతో కట్టినదానికి మినహాయింపు ఉండాలనే జాలిగుండెలకు లోటులేదు. కానీ ఇలాంటి ఎత్తు తక్కువ గదిలో పొగ కమ్మి చనిపోయినవాళ్లను మేస్త్రీ స్వయంగా మోశాడు. అందుకే వాదించలేదు.

"నేల పగలగొడతానక్కా. నెల పడుతుంది."

"పట్టనీరా. హాలు నాకు అలవాటేగా."

ఆమె కొత్త వాటా తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అతను సుత్తి అందుకున్నాడు. అక్క కోసమని సిమెంటు ఎక్కువ కలిపి పోసిన నేల, ఎంత కొట్టినా పెచ్చు కూడా లేవలేదు.